తెల్ల ప్లేటు, నల్ల ప్లేటు: ఒకే ఆల్బమ్‌కి ఇన్ని రికార్డులు ఎందుకు?

అమెరికన్ రాక్ బ్యాండ్ నిర్వాణ ఆల్బమ్ ‘నెవర్‌మైండ్’ నేను మొదట కొన్నప్పుడు, ఆ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ ప్లేటు) వెనక అట్ట మీద 1991 అని ఉంది. అమ్మినాయన కూడా ‘ఒరిజినల్ ప్రెస్సింగ్’, అంటే మొదటి విడత అచ్చు, అనే చెప్పాడు. నమ్మాను, అడిగినంతా ఇచ్చాను, వారం రోజులు ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను. ఒక రాత్రి ఊరికే అట్ట తిరగేసి చిన్న అక్షరాలు చదువుతుంటే అడుగున ఒక వెబ్‌సైట్ చిరునామా కనిపించింది. ఆ ఆల్బమ్ విడుదలైంది 1991 సెప్టెంబర్ 24న. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌సైట్ బయటి జనానికి అందుబాటులోకి వచ్చి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. పాటల కంపెనీలు అట్టల మీద వెబ్‌సైట్లు అచ్చేసుకునే రోజులు కావవి.

పూర్తిగా మోసం అని కూడా అనలేను. ఆయనకీ తెలియకపోయి ఉండొచ్చు. అట్ట మీద, ప్లేటు నడుమ ఉండే గుండ్రటి కాగితం మీద కనిపించే సంవత్సరం ఆ పాటల మీద హక్కు మొదలైన ఏడాది. ఆ ప్లేటు ఫ్యాక్టరీలో ఎప్పుడు అచ్చయిందో అది చెప్పదు. మన పుస్తకాల్లో అయితే రెండో పేజీలో ‘ప్రథమ ముద్రణ’, ‘పునర్ముద్రణ’ అని ఏడాదితో సహా వేస్తారు. రికార్డులకి ఆ మర్యాద లేదు. ముప్ఫై ఏళ్ల నాటి ప్లేటు మీదా, మొన్న వచ్చిన ప్లేటు మీదా అదే 1991 ఉండొచ్చు.

పుస్తకాల పోలిక ఇంకొంచెం దూరం వస్తుంది. పాత లెటర్‌ప్రెస్ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీసి మళ్లీ వేయొచ్చు. లేదా కొత్తగా డీటీపీ చేయించి వేయొచ్చు. రెండో పద్ధతిలో కథ అదే, కానీ పేజీలు మారిపోతాయి, పాత అచ్చుతప్పులు పోయి కొత్తవి వస్తాయి, ఒక్కోసారి అక్షరం కళ్లకి హాయిగా ఉంటుంది, ఒక్కోసారి చదవబుద్ధి కాదు. రికార్డుల్లోనూ అంతే. ఒకే ఆల్బమ్, అవే పాటలు, అదే బొమ్మ. కానీ ఎవరో ఒకరు టేపు దగ్గర మళ్లీ కూర్చుని గాడి (ప్లేటు మీద ముల్లు నడిచే సన్నని దారి) కోయించారా, లేక పాత అచ్చుతోనే మరిన్ని కాపీలు తీశారా అన్నదాన్ని బట్టి చేతికొచ్చే వస్తువే వేరైపోతుంది.

కలెక్టర్లు ‘ప్రెస్సింగ్’ అనే ఒక్క మాటలో ఇవన్నీ కలిపేసి మాట్లాడుకుంటారు. కొత్తగా వచ్చినవాడికి అందులోంచి ఒకటే వినిపిస్తుంది: పాతది అయితే మంచిది, మొదటిది అయితే ఇంకా మంచిది. నేను చెప్పదలుచుకున్నది దీని గురించే. అరుదుగా దొరకడం వేరు, బాగా వినిపించడం వేరు. ఈ రెండూ ఒకే ప్లేటులో కలిసి ఉండాలని ఎక్కడా రాసి లేదు. నిర్వాణ బ్యాండ్ మొదటి రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టుకుంటే ఇది బాగా తెలుస్తుంది. 1989లో వచ్చిన ‘బ్లీచ్’ కోసం జనం పడే వేట అంతా వస్తువు కోసం. ‘నెవర్‌మైండ్’ కోసం జరిగే వాదనంతా శబ్దం గురించి.

టేపు నుంచి ప్లేటు దాకా

ముందు ప్లేటు ఎలా తయారవుతుందో చూద్దాం, లేకపోతే ముందుకెళ్లే కొద్దీ అయోమయమే.

స్టూడియోలో ఒక్కో వాయిద్యం, గొంతు విడివిడిగా రికార్డ్ అవుతాయి. వాటిని కలిపి రెండు చానెళ్ల స్టీరియోగా మార్చడం మిక్సింగ్. ఆ మిక్స్‌ని ఆల్బమ్ మొత్తానికి ఒక వరసలో పెట్టి, ఎక్కడ బాస్ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి, ఒక పాటకీ ఇంకో పాటకీ మధ్య ఎంత ఖాళీ ఉండాలి అని సరిచూసుకోవడం మాస్టరింగ్. ఇక్కడిదాకా సీడీకైనా ఎల్పీకైనా దారి ఒకటే. ఆ తర్వాత ఎల్పీ దారి విడిపోతుంది.

అల్యూమినియం పళ్లెం మీద మెత్తటి ల్యాకర్ పూత పూసిన డిస్కుని లేత్ మీద తిప్పుతూ, పాట వినిపిస్తున్న కొద్దీ వేడెక్కిన ముల్లుతో గాడి కోస్తారు. దీన్నే ‘కటింగ్’ అంటారు. ఆ ల్యాకర్‌కి వెండి పూత పట్టించి, నికెల్ ద్రావణంలో పెట్టి, లోహపు అచ్చు తీస్తారు. దాని నుంచి ‘మదర్’, మదర్ నుంచి ‘స్టాంపర్’. ఈ స్టాంపర్లు రెండింటి మధ్య వేడి పీవీసీ ముద్ద పెట్టి నొక్కితే, అర నిమిషం అటూ ఇటూగా ఒక ప్లేటు బయటికొస్తుంది. స్టాంపర్ అరిగే కొద్దీ మార్చాలి. అందుకే ‘ఎర్లీ స్టాంపర్’ అంటూ కొందరు ఎగబడతారు. మంచి ఫ్యాక్టరీలో స్టాంపర్ అరక్కముందే మార్చేస్తారు కాబట్టి, నా చెవికి ఆ తేడా ఎప్పుడూ దొరకలేదు.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం గాడి కోయడం. ఎందుకంటే గాడికి కొన్ని మొండితనాలు ఉన్నాయి. శబ్దం ఎంత పెద్దదైతే, బాస్ ఎంత ఎక్కువైతే గాడి అంత వంకర్లు తిరుగుతుంది, అంత చోటు తింటుంది. ఒక వైపు ఎక్కువ నిమిషాలు పట్టించాలంటే శబ్దం తగ్గించి కోయక తప్పదు. ఇంకోటి, ప్లేటు ఒకే వేగంతో తిరుగుతున్నా ముల్లు కింద గాడి పరిగెత్తే వేగం ఒకేలా ఉండదు. ఎల్పీ నిమిషానికి 33 చుట్లకు కాస్త ఎక్కువ తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కిందుగా సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్ల గాడి పోతే, లోపలి చివర అది 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అదే పాటని సగం కంటే తక్కువ చోటులో ఇరికించినట్టు. అందుకే ప్లేటు చివరి పాటల్లో ‘స’, ‘శ’ లాంటి అక్షరాలు బరబరమంటాయి, తాళాలు చిరిగినట్టు వినిపిస్తాయి.

‘నెవర్‌మైండ్’ ఈ విషయంలో అదృష్టజాతకం. మొదటి వైపు 23 నిమిషాలు, రెండో వైపు 19 నిమిషాల పైచిలుకు. మొదటి వైపు అంచు దగ్గర, అంటే గాడికి బోలెడంత చోటు ఉన్న దగ్గర, అందరికీ తెలిసిన ఆ పెద్ద గిటార్ల పాట ‘స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్’ మొదలవుతుంది. లోపలికి వచ్చి చివర్లో ‘పాలీ’ అనే మెత్తని అకూస్టిక్ పాటతో ఆగుతుంది. రెండో వైపు కూడా అంతే, కేకలతో మొదలై ‘సమ్‌థింగ్ ఇన్ ద వే’ అనే గొణుగుడు లాంటి పాటతో ముగుస్తుంది. ఎల్పీని దృష్టిలో పెట్టుకుని అలా పేర్చారో, కుదిరిందో గానీ, గాడి బలహీనంగా ఉండే చోట బరువు పడలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒకే ఆల్బమ్‌కి మిక్స్ వేరు కావచ్చు, మాస్టరింగ్ వేరు కావచ్చు, కటింగ్ చేసిన ఇంజినీర్ వేరు, నొక్కిన ఫ్యాక్టరీ వేరు, ముద్ద నాణ్యత వేరు. వీటిలో ఏది మారినా అది ఇంకో ప్లేటు. అట్ట మీద బొమ్మ మాత్రం మారదు.

ఖాళీ చోట రాసిన రాతలు

మరి ఏ ప్లేటు ఏదో ఎలా తెలుస్తుంది? చివరి పాట అయిపోయాక, గుండ్రటి కాగితానికి ముందు నునుపుగా ఒక వెడల్పాటి చోటు ఉంటుంది. కలెక్టర్ల భాషలో డెడ్‌వ్యాక్స్. ఫోన్ టార్చ్ వేసి ప్లేటుని ఏటవాలుగా పట్టుకుంటే అక్కడ గీతలు కనిపిస్తాయి. కొన్ని చేత్తో గీసినవి, కొన్ని ముద్ర వేసినవి. క్యాటలాగ్ నంబరు, ఏ వైపు, ఎన్నో కట్, కోసిన స్టూడియో గుర్తు, ఒక్కోసారి ఇంజినీర్ పొడి అక్షరాలు. ఈ వరుసనే మ్యాట్రిక్స్ నంబరు అంటారు. రికార్డుకి జాతకచక్రం లాంటిది.

ఈ రాతల వెనక కథలు చాలా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో హేజ్ దగ్గరి ఈఎంఐ అనే రికార్డుల కంపెనీ ఫ్యాక్టరీ స్టాంపర్ నంబర్లను అంకెల్లో వేసేది కాదు. గ్రామఫోన్ లిమిటెడ్ అనే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో కుదించి, ఆ పది అక్షరాలనే ఒకటి నుంచి సున్నా దాకా అంకెలుగా వాడుకుంది. జి అంటే ఒకటి, ఆర్ అంటే రెండు. కలెక్టర్లు దీన్ని ఎక్కాల్లాగా బట్టీ పట్టి ఉంటారు. ఇక రాక్ రికార్డుల్లో అందరికన్నా ఎక్కువ పేరున్న రెండక్షరాలు ‘ఆర్ఎల్’. లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్‌ని 1969లో బాబ్ (రాబర్ట్) లుడ్విగ్ అనే ఇంజినీర్ చాలా గట్టిగా కోశాడు. చవక టర్న్‌టేబుల్ మీద ముల్లు ఎగిరిపడిందట, దాంతో ఆ కట్ తీసేసి నెమ్మదిగా ఇంకోటి కోయించారు. ఆ మొదటి కట్ ప్లేటు మీద ఆర్ఎల్ ఉంటుంది. ఇది మొదటి ప్రెస్సింగ్ నిజంగానే మిన్నగా వినిపించిన కేసు. చాలామంది దీన్నే సూత్రం చేసుకుని మిగతా అన్ని ఆల్బమ్‌లకీ తగిలించేస్తారు. అక్కడే దెబ్బ తింటారు.

‘బ్లీచ్’: వస్తువు మీద మోజు

సియాటిల్‌లో రెసిప్రొకల్ అనే చిన్న స్టూడియోలో జాక్ ఎండినో అనే ఇంజినీర్ ఎనిమిది ట్రాకుల టేపు మీద ‘బ్లీచ్’ రికార్డ్ చేశాడు. ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. అట్ట మీద మాత్రం గుండుగుత్తగా 600 డాలర్లని వేసుకున్నారు. ఆ డబ్బు కట్టినది జేసన్ ఎవర్‌మన్. అతనికి గిటారిస్టుగా పేరు వేశారు, ముఖచిత్రం మీద ఫొటోలో కూడా ఉన్నాడు. ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా వాయించలేదు.

విడుదల చేసింది సబ్‌పాప్ అనే స్థానిక కంపెనీ. వీళ్ల దగ్గర డబ్బు లేదు, వ్యాపార తెలివి ఉంది. తక్కువ వేస్తే ఎక్కువ అడుగుతారు అన్న కిటుకు వీళ్లకి ముందే తెలుసు. 1988 నవంబర్‌లో నిర్వాణ మొదటి సింగిల్ (ఒకటి రెండు పాటలుండే చిన్న ప్లేటు) ‘లవ్ బజ్’ని వెయ్యి కాపీలే వేసి, ఒక్కో దాని మీద చేత్తో నంబరు రాసి, చందాదారుల సింగిల్స్ క్లబ్‌లో మొదటి ప్లేటుగా పంపారు. దాని డెడ్‌వ్యాక్స్ మీద ‘ఆ గిటార్లు అమ్మేసి పారలు కొనుక్కోరాదూ?’ అన్న అర్థం వచ్చే వెటకారం ఒకటి గీసి ఉంటుంది. ‘బ్లీచ్’కి కూడా అదే పద్ధతి. మొదటి వెయ్యి కాపీలు తెల్ల ప్లేటు మీద. వీటిని 1989 జూన్ 9న మూర్ థియేటర్‌లో జరిగిన లేమ్‌ఫెస్ట్ కచేరీలో అమ్మడం మొదలుపెట్టారు. తర్వాతి రెండు వేలు నల్ల ప్లేటు, లోపల పోస్టరు. ఆ తర్వాత మామూలువి.

ఇవాళ ఆ తెల్ల ప్లేటుకి పలికే ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. దాంట్లో శబ్దం మిగతావాటికన్నా గొప్పగా ఉంటుందా? ఉండడానికి కారణమే లేదు. స్టాంపర్ కింద తెల్ల ముద్ద పెడితే తెల్ల ప్లేటు, నల్ల ముద్ద పెడితే నల్ల ప్లేటు. గాడి మారదు. అసలు పీవీసీకి సహజంగా నలుపు రంగు లేదు, కార్బన్ బ్లాక్ అనే పొడి కలిపితే వచ్చే రంగు అది. తెల్ల ప్లేటు కొనేవాడు 1989 జూన్‌లో ఆ హాల్లో అమ్మకం మొదలైన వెయ్యి ప్లేట్లలో ఒకదాన్ని కొంటున్నాడు. అందులో తప్పేమీ లేదు, నాకు స్తోమత ఉంటే నేనూ కొంటాను. కానీ ‘సౌండ్ కోసం కొన్నాను’ అంటే మాత్రం నవ్వొస్తుంది.

అప్పటికి ఇంగ్లండ్‌లో టుపెలో అనే కంపెనీ, ఆస్ట్రేలియాలో వాటర్‌ఫ్రంట్ అనే కంపెనీ ఇదే ఆల్బమ్‌ని వేశాయి. ఇంగ్లండ్ ప్లేటులో ‘లవ్ బజ్’ ఉండదు, దాని బదులు ‘బిగ్ చీజ్’ అనే పాట ఉంటుంది. అంటే దేశం మారితే ఒక్కోసారి పాటల పట్టికే మారిపోతుంది. ఆస్ట్రేలియా వాళ్లయితే ప్లేటుకీ అట్ట మీది అక్షరాలకీ రంగులు మారుస్తూ పోయారు. వాటినన్నిటినీ వరసగా సంపాదించడం పెళ్లి పట్టుచీరకి మ్యాచింగ్ జాకెట్టు ముక్క వెతకడం లాంటిది, మొదలుపెడితే అంతుండదు.

ఇక అసలు ఉచ్చు. ‘బ్లీచ్’కి 20 ఏళ్లు నిండిన సందర్భంగా 2009లో సబ్‌పాప్ మళ్లీ వేసింది. స్టెర్లింగ్ సౌండ్‌లో జార్జ్ మరీనో రీమాస్టర్ చేశాడు, అంటే మాస్టరింగ్ మళ్లీ చేశాడు. 1990లో పోర్ట్‌లాండ్‌లో జరిగిన కచేరీ రికార్డింగ్ కూడా జతచేశారు. దాని మొదటి విడత ఏ రంగు? తెలుపే! కాబట్టి ‘బ్లీచ్ వైట్ వినైల్, ఫస్ట్ ప్రెస్సింగ్’ అని అమ్మకానికి పెడితే అక్షరాలా అబద్ధం కాకుండానే ఇరవై ఏళ్ల తేడా దాచేయొచ్చు. విచిత్రం ఏమిటంటే, ‘బ్లీచ్’ వినడానికి మాత్రమే కావాలనుకునేవాడికి ఈ 2009 ప్లేటే మంచి బేరం. అరుదైనది ఒకటి, వినదగింది ఇంకోటి.

‘నెవర్‌మైండ్’: చెవి మీద తగువు

‘నెవర్‌మైండ్’ నాటికి పరిస్థితి తలకిందులైంది. సబ్‌పాప్ ఒప్పందాన్ని గెఫెన్ కంపెనీ కొనేసింది. కాలిఫోర్నియాలో సౌండ్ సిటీ స్టూడియోలో బుచ్ విగ్ రికార్డ్ చేశాడు, ఆండీ వాలెస్ మిక్స్ చేశాడు. హౌవీ వైన్‌బర్గ్ మాస్టరింగ్‌కి కూర్చున్న రోజు, రావాల్సినవాళ్లు సమయానికి రాకపోతే ఆయన ఒక్కడే మొదలుపెట్టేశాడట. వాళ్లు వచ్చేసరికి పని చాలావరకు అయిపోయిందని చెప్పుకుంటారు. మనం ఈరోజు ‘అసలైన శబ్దం’ అని పవిత్రంగా చూసేది అలా ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కుదిరింది.

ఆ పనిలోనే ఒక పొరపాటు కూడా దొర్లింది. ఆల్బమ్ అయిపోయి, పది నిమిషాల నిశ్శబ్దం తర్వాత ‘ఎండ్‌లెస్, నేమ్‌లెస్’ అనే దాచిపెట్టిన పాట ఒకటి రావాలి. మొదటి విడత సీడీల్లో అది పడలేదు. బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్‌కి తెలిసి గొడవ చేశాక తర్వాతి సీడీల్లో చేర్చారు. అందుకే పాట లేని సీడీ మొదటి విడతదని గుర్తు పడతారు, లోపమే గుర్తింపు కార్డు అయ్యింది. ఎల్పీలో మాత్రం ఆ పాట లేదు. గాడిలో పది నిమిషాల నిశ్శబ్దం పెట్టే చోటెక్కడుంది? ఎల్పీ వాళ్ల కోసం అది 30 ఏళ్ల పండగకి వేసిన పెట్టెలో (బాక్స్ సెట్), 2021లో, విడిగా ఏడంగుళాల ప్లేటు మొదటి వైపున వచ్చింది.

1991లో కంపెనీ అమెరికాలో మొదట పంపింది 46,251 కాపీలు. 1992 జనవరి 11 నాటికి ఆ ఆల్బమ్ మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ని దించి మొదటి స్థానంలో కూర్చుంది. కానీ అప్పటికి జనం కొంటున్నవి సీడీలు, క్యాసెట్లు. ఎల్పీ అంటే అటక ఎక్కించే వస్తువు. అందుకే 90ల నాటి ఆల్టర్నేటివ్ రాక్ ఎల్పీలు అన్నీ ఒక వింత పరిస్థితిలో ఉన్నాయి: ఆల్బమ్ కోట్లలో అమ్ముడైంది, దాని ఎల్పీ మాత్రం దొరకదు. పాత బీటిల్స్ ప్లేట్లు వయసులో పెద్దవైనా వీధివీధికీ అమ్ముడయ్యాయి కాబట్టి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. ఇవి వయసులో చిన్నవైనా దొరకవు. పాతదనానికీ అరుదుదనానికీ సంబంధం లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత వచ్చినవి చాలా ఉన్నాయి, అన్నీ చెప్పను. 1996లో మొబైల్ ఫిడెలిటీ అనే ఆడియోఫైల్ (శబ్ద నాణ్యతే ముఖ్యమనుకునే శ్రోతల) కంపెనీ 200 గ్రాముల మందపాటి ప్లేటు వేసింది. అడుగున బాస్, పైన తాళాలు కాస్త ముందుకొచ్చిన శబ్దం అది, విన్నవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. 2000ల చివర్లో ఒరిజినల్ రికార్డింగ్స్ గ్రూప్ అనే సంస్థ కోసం బెర్నీ గ్రండ్‌మన్ కొత్తగా కోశాడు. చెవి కోసం కొనే చాలామంది ఓటు దీనికే. 2011లో 20 ఏళ్ల సందర్భంగా బాబ్ లుడ్విగ్ రీమాస్టర్ చేశాడు. అవును, ఆ ఆర్ఎల్ ఆయనే. కానీ ఈసారి కాలం వేరు. సీడీలూ ఫోన్లూ రాజ్యమేలుతున్న కాలంలో నెమ్మది చోట్లని కూడా పైకి లాగి, అంతా ఒకే గట్టిదనంతో నింపే పద్ధతి నడిచింది. ఈ ఆల్బమ్ ప్రాణమే మెల్లగా గొణుగుతూ ఉండి ఒక్కసారి విరుచుకుపడడంలో ఉంది. ఆ ఎత్తుపల్లాలు చదును చేస్తే ఏం మిగులుతుంది? పెళ్లి భోజనంలో అన్ని కూరల్లోనూ ఒకే మసాలా వేసినట్టు ఉంటుంది. 2021 పెట్టె కోసం అసలు అర అంగుళం టేపుల నుంచి హై రిజల్యూషన్ డిజిటల్‌లోకి మళ్లీ ఎత్తించారు.

ఇక్కడ ‘డిజిటల్’ అనగానే కొందరికి ఒళ్లు మండుతుంది. ప్లేటు అంటే టేపు నుంచి గాడి దాకా మొత్తం అనలాగ్ (శబ్దాన్ని ఎక్కడా అంకెలుగా మార్చని పద్ధతి) అయి ఉండాలని, మధ్యలో కంప్యూటర్ తగిలితే మైల పడ్డట్టేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి 2022 జూలైలో పెద్ద పరీక్ష వచ్చింది. అరిజోనాలో ఒక రికార్డుల దుకాణం యజమాని ఇదే మొబైల్ ఫిడెలిటీ కంపెనీకి వెళ్లి ఇంజినీర్లనే అడిగాడు. తమ ఖరీదైన ప్లేట్లలో చాలావాటికి కొన్నేళ్లుగా మధ్యలో ఒక డిజిటల్ దశ ఉందని వాళ్లు కెమెరా ముందే ఒప్పుకున్నారు. కేసులు పడ్డాయి, పరిహారాలు ఇచ్చారు. 1996 నాటి ‘నెవర్‌మైండ్’ ప్లేటుకి ఈ గొడవతో సంబంధం లేదు, అది అంతకు చాలా ముందటిది. నాకు ఇందులో ఆసక్తి కలిగించింది వేరే. అనలాగ్ శబ్దాన్ని డిజిటల్ నుంచి ఇట్టే పట్టేస్తామని చెప్పుకున్న పెద్దపెద్ద చెవులు అన్నేళ్లూ ఆ ప్లేట్లనే ఆకాశానికెత్తాయి. ఎవరికీ అనుమానం రాలేదు. కంపెనీ దాచడం తప్పే. కానీ చెవికి తెలియని తేడా కోసం అంత డబ్బు పోయడం ఎవరి తప్పు?

కొనేటప్పుడు

పాత ప్లేటు కొనేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది అమ్మేవాళ్ల భాష. గోల్డ్‌మైన్ అనే పత్రిక పేరు మీద చలామణిలో ఉన్న గ్రేడింగ్‌లో ‘గుడ్’ అంటే బాగుందని కాదు. అరిగిపోయిన రికార్డు అనే తెలుగు మాటకి ఇంగ్లిష్‌లో దగ్గరి మాట ‘గుడ్’. ‘వెరీ గుడ్’ అన్నా గీతలు, చిటపటలు ఉంటాయి. ‘వెరీ గుడ్ ప్లస్’ నుంచి వినదగినది మొదలవుతుంది. ‘నియర్ మింట్’ అంటే దాదాపు కొత్తది. ‘మింట్’ అన్నవాడిని నమ్మకండి, ముల్లు పెట్టకుండా అది మింట్ అని వాడికెలా తెలుసు?

గుర్తు పట్టడానికి డిస్‌కాగ్స్ అనే డేటాబేస్ ఉంది, 2000లో అమెరికాలో మొదలైంది. ఒక్కో ఆల్బమ్‌కి ఏ దేశంలో ఏ ప్లేటు వచ్చిందో, డెడ్‌వ్యాక్స్ మీద ఏముందో వాడేవాళ్లే ఎక్కిస్తారు. మీ చేతిలో ఉన్న గీతల్ని అక్కడి గీతలతో అక్షరం అక్షరం పోల్చుకోవాలి. అట్టని పోల్చుకుంటే లాభం లేదు, అట్టని స్కాన్ చేసి దొంగ ముద్రణ వేయడం నిమిషాల పని. ‘లవ్ బజ్’ లాంటి వాటికి నకిలీలు ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి. ఎక్కడా వినని రంగులో, ఏ కంపెనీ పేరూ లేకుండా, చాలా చవగ్గా నిర్వాణ ప్లేటు కనిపిస్తే అది అనధికారికమే అనుకోండి.

మన దగ్గర వేట ఇంకో రకం. కోల్‌కతాలో దమ్‌దమ్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో తెలుగు సినిమా పాటల ఎల్పీలతో పాటు బీటిల్స్ లాంటి వాళ్ల ప్లేట్లు కూడా అక్కడే అచ్చయ్యేవి. ఆ ఇండియన్ ప్రెస్సింగ్‌లకి బయటి దేశాల్లో విడిగా గిరాకీ ఉంది. నిర్వాణ వచ్చేసరికి ఇక్కడ క్యాసెట్ల కాలం. అందుకని హైదరాబాద్‌లో ఉండి ఈ ఆల్బమ్‌ల ప్లేట్లు కావాలంటే బయటి నుంచి తెప్పించుకోవడమో, అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టించుకోవడమో. రెండో దారిలో ప్లేటుని అట్టలోంచి తీసి విడిగా పెట్టమని చెప్పండి, లేకపోతే దారిలో కుదుపులకి ప్లేటు అంచు అట్టని చీల్చేస్తుంది. ఇంటికొచ్చాక నిలువుగా నిలబెట్టి ఉంచాలి. పీవీసీ వేడికి మెత్తబడుతుంది. మే నెలలో రెంటచింతల ఎండలో కారు వెనక సీటు మీద ఒక గంట వదిలేస్తే అది ప్లేటు కాదు, అప్పడం. విశాఖ వైపు అయితే ఎండ కన్నా తేమ శత్రువు, అట్టలకి బూజు పడుతుంది.

ఇప్పుడు నేను డబ్బు పంపే ముందు ఒకే ఒక్క ఫొటో అడుగుతాను: రెండు వైపులా డెడ్‌వ్యాక్స్, టార్చ్ వేసి, దగ్గరగా. వస్తువు సరైనదైతే అమ్మేవాళ్లు పది నిమిషాల్లో పంపిస్తారు, పైగా మ్యాట్రిక్స్ నంబరు కూడా టైప్ చేసి పెడతారు. తేడా ఉంటే ఫోన్ కెమెరా పాడవుతుంది, ఊరు వెళ్తారు, ఇంకెవరో కొనేస్తున్నారని తొందర పెడతారు. పోయిన నెల ఒకాయన అట్ట ఫొటోనే మూడు సార్లు పంపాడు. మూడింటిలోనూ వెనక అట్ట అడుగు భాగాన్ని వేలితో కప్పి పట్టుకున్నాడు.